పట్టాభిరామయ్యగారి ఎడమ చేయి

ఆ ఆదివారం పొద్దున పట్టాభిరామయ్యగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, లుంగీ బిగించడం, ఎడమ చేయి వెనక్కి కట్టుకోవడం, మధ్యాహ్నంలోగా ట్రాన్స్‌మిటరు చేత మాట్లాడించడం. మొదటి మూడూ ఏ అడ్డూ లేకుండా జరిగిపోయాయి.

మణికొండలో ఆయన ఫ్లాటుకి రెండు పడకగదులు. ఒకటి దంపతులది, రెండోది రేడియోది. కొడుకు ఉదయ్ భాస్కర్ హాల్లో పడుకుని బాల్కనీలో ఉద్యోగం చేస్తాడు. వెనకాల ఆరేసిన బట్టలు కనిపించకుండా కంప్యూటరులో ఏదో మాయ చేసుకున్నాడు కనక, అమెరికా వాళ్ళకి వాడు పుస్తకాల బీరువా ముందు కూర్చున్నట్టు కనిపిస్తాడు. గాలి గట్టిగా వీచినప్పుడు మాత్రం ఆ బీరువాలోంచి వాళ్ళమ్మ పుణ్యవతిగారి చీర కొంగు బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతుంటుంది. వాళ్ళు పెద్దమనుషులు, ఏమీ అడగరు.

ఇక రేడియో సంగతి. పట్టాభిరామయ్యగారు కాకినాడలో టెలిఫోన్ శాఖలో పనిచేసే రోజుల్లో తన చేతులతో కట్టుకున్న వాల్వుల సెట్టు అది. సర్కారు వారి లైసెన్సు ఉన్న హామ్ రేడియో. బీరువాలో సగం ఎత్తు, రోడ్డు రోలరులో సగం బరువు. దాన్ని నాలుగో అంతస్తుకి ఎక్కించాక లిఫ్టు వారం రోజులు సెలవు పెట్టిందని అపార్ట్‌మెంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మైకులో పడ్డ మాట చిన్న చిన్న వాల్వుల్లో నలిగి నలిగి, చివరికి సీసా అంత పెద్ద వాల్వులోకి చేరుతుంది. దాన్ని ఫైనల్ అంటారు. మాటను మెడబట్టి ఆకాశంలోకి గెంటేది అదే. అది బాగున్న రోజుల్లో పట్టాభిరామయ్యగారు మణికొండలో తుమ్మితే, కాకినాడలో ఆయన పాత స్నేహితుడు కామేశ్వరరావుగారు "చిరంజీవ" అనేవారు.

అలాంటి సెట్టు వారం కిందట ఓరోజు గరగరమంది. మూత విప్పి చూస్తే, ఫైనల్ పక్కనున్న రేకుల మధ్య ఒక బొద్దింక వీరమరణం పొంది ఉంది. దాన్ని తీసి పారేసి, అంతా తుడిచి, మూత పెట్టకుండానే ఓసారి నడిపి చూద్దామని స్విచ్చి వేసి, ముందున్న నాబులు ఒక్కొక్కటిగా తిప్పారు. వాల్వు లోపలి రేకు ఎర్రబడింది. కంగారుగా ఆపేశారు. మళ్ళీ వేశారు, మళ్ళీ ఎర్రబడింది. దాచుకున్న కొత్త వాల్వు తీసి పెట్టారు. అదీ పెళ్ళిచూపుల్లో పిల్లలా ఎర్రబడింది. ఆ పూట మొదలు ఆయనకు వేరే లోకం లేదు.

ఉదయ్ భాస్కర్ అదను చూసి మాట కదిపాడు.

"నాన్నా, కొత్తగూడలో మా ఫ్రెండు కాఫీ షాపు పెట్టాడు. అంతా పాత సామాన్లతో డెకరేషన్. నీ సెట్టు ఇస్తే గుమ్మం పక్కన నిలబెడతాట్ట. పైన మనీ ప్లాంటు పెట్టి."

"బతికున్నదాని నెత్తిన మొక్క నాటతార్రా?"

"పలకట్లేదుగా నాన్నా అది."

"మీ తాతయ్య చివరి మూడేళ్ళూ పలకలేదు. ఆయన నెత్తిన నాటామా?"

పుణ్యవతిగారు వంటింట్లోంచి అందుకున్నారు. "అది కాదండీ, రేపు కోడలొస్తే పిల్ల ఏ గదిలో ఉంటుంది? ఆ డబ్బా పక్కన చాప వేస్తారా?"

చివరికి రాజీ కుదిరింది. ఆదివారం మధ్యాహ్నంలోగా సెట్టు కాకినాడతో మాట్లాడితే గది దానిది. లేకపోతే గది ఉదయ్ భాస్కర్‌ది. ఒప్పుకున్నారే గాని, పట్టాభిరామయ్యగారికి ఆ వారమంతా ముద్ద దిగలేదు. ఆ సెట్టు పోతే ఆయనకు మిగిలేది వాకింగూ వాట్సాపూ. రెండూ ఆయన ఒంటికి పడవు.

ఎడమ చేయి ఎందుకు కట్టుకున్నారో ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే మీరూ అపార్ట్‌మెంటు వాళ్ళలాగే పొరబడతారు. మూత తీసిన వాల్వు సెట్టులో కరెంటు మన ఇంటి కరెంటుకి పెదనాన్న లాంటిది. "ఒక చేత్తో ముట్టుకుంటే బెదిరిస్తుంది, రెండు చేతులతో ముట్టుకుంటే తీసుకుపోతుంది" అని కామేశ్వరరావుగారు కుర్రతనంలోనే నూరిపోశారు. అందుకని ఈ విద్య తెలిసినవాళ్ళంతా పని చేసేటప్పుడు ఎడమ చేయి ప్యాంటు జేబులో పెట్టుకుంటారు. వాల్వుల వేడికి ఆ గది ఇటుకల బట్టీలా ఉంటుంది కనక పట్టాభిరామయ్యగారు అక్కడ ప్యాంటు వేసుకోరు. లుంగీకి జేబు లేదు. కాబట్టి ఎడమ చేతిని వీపు వెనక్కి మడిచి, తువ్వాలుతో నడుముకి బిగించి కట్టేస్తారు. ఉన్న ఒక్క కుడి చేత్తోనూ కర్ర పట్టుకోవాలి. సెట్టు ఆపేశాక కూడా లోపల దాక్కునే కరెంటును నేలలోకి దించడానికి చివర రాగి కొక్కెం ఉన్న కర్ర అది. మరి టార్చిలైటు పట్టుకోవడానికి చేయేదీ? అందుకని దాన్ని పళ్ళతో ఓ పక్కగా కరిచిపట్టుకుంటారు.

ఆ భంగిమలో ఆయన ఫైనల్ వెనకాల తొంగి చూస్తుండగా వాచ్‌మెన్ కొమురయ్య తలుపు తోసుకుని వచ్చాడు. పుణ్యవతిగారు కూరలకని నార్సింగి వెళ్ళారు. ఉదయ్ భాస్కర్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బాల్కనీలో ఉన్నాడు. ఆదివారమైనా అమెరికాలో ఏదో అంటుకుందట.

"సారూ, కొత్తగూడ కెల్లి ట్రాలీ ఆటో వచ్చింది. మీ డబ్బ తీస్కపోతరంట. పైకి పంపాల్నా?"

పట్టాభిరామయ్యగారు గిరుక్కున తిరిగారు. లోపల కరెంటు బుసలు కొడుతోంది, వీడు లోపలికి అడుగు పెడుతున్నాడు. "రావద్దు, అక్కడే ఉండు, ఇంకా టైముంది" అన్నారు. పళ్ళ మధ్య టార్చి ఉంది కనక కొమురయ్యకి వినిపించింది వేరు.

"గావగ్గు... అగ్గగే ఉంగు... ఇంగా గైముంగి!"

కొమురయ్య అలాగే నిలబడిపోయాడు. మూతి ఓ పక్కకి తిరిగిపోయింది. చొంగ బనీను మీద పడుతోంది. ఎడమ చేయి ఎక్కడుందో జాడ లేదు, ఎడమ భుజం కిందికి జారింది. కుడి చేత్తో కర్ర ఊపుతున్నారు. కొమురయ్య మామకు పక్షవాతం వచ్చినప్పుడూ అచ్చం ఇంతే, కర్ర ఒక్కటే తక్కువ. పాపం అతను వెనక్కి తిరిగి ఎదురు ఫ్లాటు గంట కొట్టాడు.

ఎదురు ఫ్లాటు అనసూయమ్మగారిది ప్రొద్దుటూరు. భర్త స్థలాల వ్యాపారం చేస్తాడు, ఆవిడ రోగాలు తేలుస్తుంది. డాక్టరు పరీక్షలు రాసేలోపు ఆవిడ పథ్యం కూడా చెప్పేయగలదు.

"అమ్మా, సారుకు పక్షవాతం కొట్టింది! నోరు గిట్ల తిరిగిపోయింది!"

"ఏ పక్క?"

"ఎడమ పక్క."

"అయ్యో, ఎడమ పక్కనా! గుండెకాయ ఆ పక్కనే గదప్పా ఉండేది!" అంటూ ఆవిడ చేతిలో పిండి చేతిలోనే ఉండగా పరిగెత్తింది. పిండి అంటని వేలితో దారిలోనే అపార్ట్‌మెంటు గ్రూపులో ఒక వాక్యం పెట్టింది. ఎదురు గుమ్మం చేరేలోపు దానికి దండాలు పెట్టే బొమ్మలు వరస కట్టాయి. రెండో అంతస్తులో ఒకాయన మాత్రం, బాధగా ఉందంటూనే, తాతగారి పార్కింగు చోటు ఇక ఖాళీయేనా అని మర్యాదగా అడిగాడు.

గుమ్మంలో జనం పోగయ్యేసరికి పట్టాభిరామయ్యగారు సెట్టు ఆపి, కొక్కెం కర్ర తగిలించి, టార్చి నోట్లోంచి తీశారు.

"ఏంటమ్మా ఈ జాతర? నాకేం కాలేదు."

"పక్షవాతమొచ్చినోళ్ళు మొదట చెప్పే మాట అదేలే అన్నా. మా చిన్నాయన గూడా అట్లనే అనె. అనుకుంటా అనుకుంటానే పడిపాయ."

"ఇది నేను కట్టుకున్న చెయ్యమ్మా! షాకు కొట్టకుండా నేనే కట్టుకున్నా!"

అనసూయమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూస్తిరా? పడిపోయిన చెయ్యి ఊగుతా ఉంటాదని ఆయనే కట్టుకున్యాడు. పెండ్లానికి గూడా చెప్పకుండా దాచినాడు, పాపం, ఎంత మంచి మనిషి!"

"ఇదెక్కడి గోలమ్మా! కొమురయ్యా, ఆ తువ్వాలు విప్పవయ్యా. చూపిస్తా వీళ్ళకి."

కొమురయ్య విప్పాడు. కాఫీ తాగినప్పటినుంచీ వీపుకి అతుక్కుని ఉన్న చేయి, కొక్కేనికి తగిలించిన చొక్కా చేతిలా జారి వేలాడింది. పట్టాభిరామయ్యగారు లేపబోయారు. అది లేవలేదు. ఇంకోసారి ఆజ్ఞాపించారు. అదెవరి చెయ్యో అన్నట్టు ఊరుకుంది. జనంలోంచి "అయ్యో" అని ఒక్క గొంతుతో వచ్చింది.

"తిమ్మిరి... తిమ్మిరెక్కిందంతే" అన్నారాయన. కానీ ఆ మాటలో ఇందాకటి దర్జా లేదు. చెయ్యి గిల్లి చూసుకున్నారు, తెలియలేదు. ఇంతమంది ఒకే మాట అంటున్నారు, చెయ్యి కూడా వాళ్ళ పక్షానే ఉంది. నిజంగానే పడిపోయిందేమో! ఒంటి చేత్తో మైకు ఎలా పట్టుకుంటాను, నాబు ఎలా తిప్పుతాను అని మొదటిసారిగా ఆయన గుండె జారింది.

అప్పుడే పుణ్యవతిగారు కూరల సంచీతో వచ్చారు. గేటు నుంచి గుమ్మం దాకా ఆవిడకి ఎదురైన ప్రతివాళ్ళూ ధైర్యంగా ఉండమని చెప్పారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

"ఏవండీ! ఏమైందండీ?"

"చేయి పడిపాయ అక్కా" అంది అనసూయమ్మగారు.

"పడిపోవడమేంటి? అది కట్టుకున్న చెయ్యి. పెళ్ళైనప్పటినుంచీ చూస్తున్నా" అని ముందు తేలిగ్గానే అన్నారావిడ. తర్వాత వేలాడుతున్న చేతిని చూశారు. సంచీ కింద పెట్టి ఆలోచనలో పడ్డారు. "అవునూ... ఈ వారమంతా తలుపు తియ్యమంటే నువ్వే తియ్యమన్నారు. మజ్జిగ గ్లాసు కూడా నోటికి అందించమన్నారు. వారం నుంచి ఆ చెయ్యి నేను చూసిన గుర్తే లేదు. ఓరి దేవుడో!"

ఇంటి మనిషే ఒప్పుకున్నాక ఇక తిరుగేముంది? పట్టాభిరామయ్యగారిని రేడియో గదిలోనే మడత మంచం వేసి పడుకోబెట్టారు. అనసూయమ్మగారు వెల్లుల్లి కాచిన నూనె తెచ్చి, చపాతీ పిండిని పిసికిన కసితోనే చేతిని మర్దనా మొదలుపెట్టింది. "కొమురయ్యా, ఒక పావురం పట్టుకోనిరా. దాని వెచ్చని నెత్తురు పూస్తే నరాలు లేస్తాయి. మా ఊర్లో ఎంతమందికి తగ్గిందో!"

మణికొండలో పావురాలకు కరువా? కొమురయ్య నేరుగా బాల్కనీలోకి వెళ్ళాడు. ఉదయ్ భాస్కర్ అప్పుడు ఏడుగురు అమెరికా పెద్దలకు ఏదో విడమరిచి చెబుతున్నాడు. వాళ్ళు చూస్తుండగా వాడి వెనక పుస్తకాల బీరువాలోంచి ఖాకీ చొక్కా చెయ్యి ఒకటి బయటికొచ్చి, గాల్లో ఒక పావురాన్ని అందుకుని, మళ్ళీ పుస్తకాల్లోకి మాయమైంది. ఆ వెంటనే రెక్కల చప్పుడు, రెండు ఈకలు. పావురం బీరువాను చీల్చుకుని తప్పించుకుపోయింది. ఎంత పెద్దమనుషులైనా ఈసారి అడక్కుండా ఉండలేకపోయారు.

ఉదయ్ భాస్కర్ హెడ్‌ఫోన్లు లాగేసి తిరిగాడు. "కొమురయ్యా! ఏం చేస్తున్నావ్?"

"మీ నాయన కోసమే సారూ. నెత్తురు పుయ్యాలె. చెయ్యి పడిపోయింది గదా."

వాడు లేచి లోపలికి పరిగెత్తాడు. అంబులెన్సుకి ఫోను చేశాడు, ఆఫీసుకి చెప్పడం మరిచిపోయాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, "గది వద్దు నాన్నా, నాకేం వద్దు నాన్నా" అని మొదలుపెట్టాడు.

ఈ గొడవతో నిమిత్తం లేనివాళ్ళు ఇద్దరే. కింద ఆగలేక పైకొచ్చేసిన ట్రాలీ ఆటోవాళ్ళు. డబ్బా తెమ్మన్నారు, తీసుకెళ్ళాలి. ఎవరి దుఃఖానికీ అడ్డు రాకుండా, వాళ్ళు పక్కన పడున్న మూతను సెట్టు మీద పెట్టి స్క్రూలన్నీ గట్టిగా బిగించేశారు. మంచం మీంచి పట్టాభిరామయ్యగారు అది చూశారు.

"ఒరేయ్! దాన్ని ముట్టుకోకండర్రా! ఇంకా మధ్యాహ్నం కాలేదు!"

"ఆవేశపడొద్దండీ, మీ ఒంటికి మంచిది కాదు" అంటూ పుణ్యవతిగారు నుదుటి మీద తడిగుడ్డ వేశారు. ఆ గుడ్డ కింద నుంచి ఆయన చూస్తుండగానే ఒకడు సెట్టుకి అటు వైపు, ఒకడు ఇటు వైపు చేరి, లుంగీలు ఎగ్గట్టారు.

డాక్టరు ఆమని వచ్చింది అప్పుడే. అంబులెన్సుతో వచ్చిన చిన్నపిల్ల, కాళ్ళకు బూట్లు, భుజాన సంచి. గదిలో ఉన్న సగం మందిని కళ్ళతోనే బయటికి పంపింది.

"తాతగారూ, ఒకసారి నవ్వండి."

"ఇందులో నవ్వడానికేముందమ్మా?"

"పర్లేదు, ఊరికే నవ్వండి. మూతి చూడాలి."

ఆయన నవ్వారు. రెండు పక్కలా సమానంగానే ఉంది. నాలుక చాపమంది, చాపారు. ఏ వారం అంటే ఆదివారం అన్నారు, అడక్కుండానే తిథి కూడా చెప్పారు. ఈలోగా ఎడమ చేతిలోకి చీమలు బయల్దేరాయి. ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు, మోచెయ్యి. చేయి మెల్లగా లేచింది. పుణ్యవతిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"గుడ్. కానీ రెండు చేతులూ కలిసి పనిచేస్తున్నాయా లేదా చూడాలి. మీకు బాగా అలవాటైన పని ఏదన్నా చెయ్యండి. చొక్కా గుండీలు పెట్టుకోండి పోనీ."

ఒంటి మీద ఉన్నది బనీను. పట్టాభిరామయ్యగారు గదంతా చూసి, గుమ్మం దాకా వెళ్ళిన సెట్టును చూశారు.

"ఆ డబ్బా ఇలా దింపండర్రా! డాక్టరమ్మ ఆర్డరు!"

దింపారు. తీగలు తగిలించారు. ఏరియలుకి బదులు పరీక్ష కోసం పెట్టుకున్న వంద వాట్ల బల్బు అలాగే వేలాడుతోంది. స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా ఆగారు. మూత బిగించి ఉంది కనక చేయి కట్టుకోవలసిన పని లేదు. కుడి చేయి ట్యూనింగ్ నాబు మీద, ఎడమ చేయి లోడింగ్ నాబు మీద పడ్డాయి. రెండూ కలిసి కదిలాయి. డాక్టరు ఆయన చేతులు చూస్తోంది, ఆయన మీటరు ముల్లును చూస్తున్నారు. ముల్లు సగం దిగి నిలకడగా నిలిచింది. బల్బు భగ్గున వెలిగింది. ఎంత వెలుగంటే, ఎదురు టవరులో బట్టలు ఆరేస్తున్నావిడ ఎండ ఎక్కువైందనుకుని లోపలికి వెళ్ళిపోయిందట. అనసూయమ్మగారు అప్రయత్నంగా చేతులు జోడించింది.

పట్టాభిరామయ్యగారు మాత్రం కొయ్యబారి కూర్చున్నారు. సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. ఆ రెండు నాబులూ కారుకి క్లచ్చు, ఎక్స్‌లరేటరు లాంటివి. రెండూ కలిపి కదిలించాలి. మూత తీశానన్న భయంతో ఎడమ చేయి కట్టేసుకుని, ఒక్క చేత్తో ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతుంటే, ఆ మధ్యలో శ్రుతి తప్పి రేకు ఎర్రబడుతోంది. ఎర్రబడగానే బెదిరి ఆపేస్తున్నారు. ఇన్నేళ్ళూ మూత పెట్టి ట్యూన్ చేశారు కనక, లోపలి రేకు ఏ రంగులో ఉంటుందో ఆయనెప్పుడూ చూడలేదు. అంటే సెట్టుకి రోగం మొదటి పూటే బొద్దింకతో పాటు పోయింది. ఆ తర్వాత వారం పాటు జరిగిందంతా వైద్యం.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. గబగబా బల్బు పీకి, ఏరియలు తగిలించి, మైకు అందుకుని తన పిలుపు పలికారు. కాసేపు హోరు. ఆ హోరులోంచి కాకినాడ గొంతు గదంతా నిండింది.

"ఎవరూ, పట్టాభే! బతికే ఉన్నావుట్రా? వారమైంది, పోయావనుకున్నా!"

"ఇక్కడా అంతా అదే అనుకున్నార్రా" అన్నారు పట్టాభిరామయ్యగారు. హాల్లో గడియారం ఇంకా పన్నెండు కొట్టలేదు. ట్రాలీ మనుషులు లుంగీలు దించుకుని కిందికి వెళ్ళిపోయారు. పుణ్యవతిగారు ఏడుస్తూనే మొగుణ్ణి తిట్టి, తిడుతూనే అందరికీ కాఫీ పెట్టడానికి లేచారు.

"ఆయనకేం లేదమ్మా. చెయ్యి తిమ్మిరెక్కింది, అంతే" అంది ఆమని సంచి సర్దుకుంటూ. గుమ్మం దగ్గర ఆగి, మంచం పక్కన గోడకి చేరబడ్డ ఉదయ్ భాస్కర్ వంక చూసింది. "సార్, మీకెందుకు అంత చెమటలు? ఒకసారి చెయ్యి ఇటివ్వండి."

చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. అంకె చూసి కనుబొమలు ఎగరేసింది. కాబట్టి వచ్చిన అంబులెన్సు ఖాళీగా పోలేదు. తండ్రి కోసం వచ్చిన స్ట్రెచరు మీద కొడుకు పడుకుని వెళ్ళాడు. సాయంత్రానికి నవ్వుకుంటూ తిరిగొచ్చాడులెండి. గుండె గుండులా ఉందట. రోజంతా బాల్కనీ ఎండలో చెవులు మూసుకుని కూర్చోవడం మాని, కొన్నాళ్ళు బుద్ధిగా ఆఫీసుకు వెళ్ళి పని చేసుకొమ్మన్నారట. ఆ మాట విని అందరికన్నా ఎక్కువ ఊపిరి పీల్చుకున్నది పట్టాభిరామయ్యగారు. ఆయన వెళ్ళి సెట్టుని మెల్లగా తట్టి వచ్చారు.

ఆ సాయంత్రం కామేశ్వరరావుగారు మళ్ళీ లైన్లోకొచ్చారు. "ఇంతకీ ఫైనల్‌కి వచ్చిన జబ్బేమిట్రా?"

పట్టాభిరామయ్యగారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "చాలా అరుదైన దోషం రా. బయటికి ఏమీ కనబడదు. బాగా పనిచేసే సెట్లలోనే ఉంటుంది. మూత తీసి చూస్తే గాని తెలీదు."

ఆ మాట విన్నాక, కాకినాడలో కామేశ్వరరావుగారు ఇప్పటికి వారం రోజులుగా తన సెట్టు మూత తీసి, ఎడమ చేయి కట్టుకుని, ఆ దోషం కోసం వెతుకుతున్నారు.